విజయవాడలో ఉన్న కాపీ

నాకు మిక్సీలు అమ్మేవాళ్ళంటే అసూయగా ఉండేది. మీట నొక్కితే గర్రుమని తిరుగుతుంది, చట్నీ అవుతుంది, కొనేవాడు వేలితో నాకి చూసి బాగుందంటాడు. నేను అమ్మిన సరుకు కంటికి కనపడదు, చప్పుడు చెయ్యదు, అంతా సవ్యంగా ఉన్నంతకాలం దానితో పనే పడదు. కంప్యూటర్‌లో ఉన్న సమాచారానికి ఏ రోజుకారోజు ఇంకో కాపీ తీసి వేరే చోట దాచే సాఫ్ట్‌వేర్ అది. బ్యాకప్ అంటారు. తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డుకి రెండు వైపులా ఉన్న నర్సింగ్ హోములకీ కోచింగ్ సెంటర్లకీ దాన్ని అంటగట్టడం నా ఉద్యోగం.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒక మేడ మీద. కింద కర్రీ పాయింటు, మధ్యలో స్పోకెన్ ఇంగ్లీషు, పైన మేము. పొద్దెక్కేసరికి మా గదంతా పోపు వాసన. బాస్‌ది ఏ ఊరో మాకెవరికీ తేలలేదు. తెలంగాణ వాళ్ళ దగ్గర ఖమ్మం అనేవాడు, ఆంధ్ర వాళ్ళ దగ్గర అత్తగారిది నూజివీడు అనేవాడు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. ఏది ఎప్పుడు బయటికి తియ్యాలో మాత్రం ఆయనకి బాగా తెలుసు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది మా ఇంజినీరు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. పుట్టిందీ పెరిగిందీ మన్సూరాబాద్‌లో. కాకపోతే అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి ఇంట్లో మాట ఆయన నాలుక మీద అలాగే ఉండిపోయింది. మాది నల్గొండ. నాన్న లారీ నడుపుతూ చంపాపేట్‌లో కిరాయికి దిగాడు, మేమూ అక్కడే పెరిగాం.

ఏ ఆఫీసుకి వెళ్ళినా కొనేవాళ్ళు ఇద్దరుంటారు. ఒకడికి కంప్యూటర్లు తెలుసు, సంతకం పెట్టే అధికారం లేదు. ఇంకొకడికి అధికారముంది, మౌస్ పట్టుకోవడం రాదు. ఇద్దరిలో ఏ ఒక్కడు తల అడ్డంగా ఊపినా మా పని గోవిందా. అందుకని మేమిద్దరం ఎప్పుడూ జంటగానే వెళ్ళేవాళ్ళం. తెలిసినవాడితో ఆయన, తెలియనివాడితో నేను. అటు నుంచి సర్వరు, కంప్రెషను, రీస్టోరు అని మాటలు వినపడుతుంటే, ఇటు నేను ఓనరు గారి ఎదురుగా టీ తాగుతూ, "సార్, మీ ఇంటి కాగితాలున్నయనుకోండ్రి. జిరాక్స్ తీసి అదే బీరువల పెడ్తరా? మీ అత్తగారింట్ల పెడ్తరు. ఇది గంతే" అనేదాన్ని. ఆ ఒక్క ముక్కకే సగం మంది పడిపోయేవాళ్ళు.

బండి మీద తిరిగొచ్చేటప్పుడు ఆయన ఏడిపించేవాడు.

"నువ్వు అబద్ధం చెప్పవు చెల్లెమ్మా. నిజానికి జడేసి పూలు పెడతావు."

"నువ్వైతే నిజానికి దువ్వెన గుడ పెట్టవు. ఎవ్వలు జూస్తరన్నా దాని మొఖం?"

పడీ పడీ నవ్వేవాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి లారీల మధ్య ఇరుక్కుని, కాళ్ళతో బండి తోస్తూ కూడా నవ్వేవాడు. అవి మంచి రోజులని అప్పుడు తెలియలేదు. ఎవరికి మాత్రం తెలుస్తుంది?

ఉద్యమం ముదిరేకొద్దీ మా డెమోలు మారిపోయాయి. లోపలికి అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న "మీదెక్కడ?" అని. ఆయన "మన్సూరాబాద్ అండి" అనేవాడు. ఆ "అండి" చెవిన పడగానే ఎదుటి మనిషి మొహం ముడుచుకునేది. "అది కాదు సార్, అసలు ఎక్కడ?" అసలు అక్కడేనయ్యా బాబూ, అక్కడే బొడ్డు కోశారు అని అరవాలనిపించేది నాకు. ఇటు ఆంధ్ర వాళ్ళ కోచింగ్ సెంటర్లకి వెళితే నా వంతు వచ్చేది. నేను "ఎట్ల" అనగానే రిసెప్షన్‌లో అమ్మాయిలిద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఒళ్ళు మండేది. నవ్వు మొహంతో బ్రోచర్ ఇచ్చి కూర్చునేదాన్ని.

నేను తెలంగాణ కావాలన్నదాన్నే, అందులో దాపరికమేమీ లేదు. మా ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. ఆ నీళ్ళు తాగి మా అమ్మ పళ్ళు గారపట్టి రాలిపోయాయి. కృష్ణ మా జిల్లా పక్క నుంచే పోతుంది, మా ఊరి వైపు మాత్రం తిరిగి చూడదు. అలాంటి ఊళ్ళోంచి వచ్చినదాన్ని ఇంకేమంటాను? ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెడితే వెళ్ళి కూరగాయలు తరిగాను. నన్ను దింపడానికొచ్చిన మా ఇంజినీరు విస్తరి పట్టుకుని నా పక్కనే తారు రోడ్డు మీద కూర్చుని తిన్నాడు.

"మీవాళ్ళు పోరాటం బాగానే చేస్తారు గానీ ఉప్పు చూసి వెయ్యరేమ్మా" అన్నాడు చెవిలో. ఎవరో "జై తెలంగాణ" అని అరిస్తే ఆయన కూడా నోట్లో ముద్దతోనే జై అన్నాడు. మనసులోంచి అన్నాడో, చుట్టూ జనాన్ని చూసి అన్నాడో నేనెప్పుడూ అడగలేదు.

బాస్‌కి మాత్రం ఆ గొడవల్లో వ్యాపారం కనపడింది. రెండు రకాల కరపత్రాలు అచ్చేయించాడు. ఆంధ్ర ఓనర్లకిచ్చేదాంట్లో "రేపు మీ ఆఫీసు మీద రాళ్ళు పడినా మీ డేటా విజయవాడలో భద్రం" అని పెద్దక్షరాలతో వేయించాడు. తెలంగాణ ఓనర్లకిచ్చేదాంట్లో విజయవాడ ఊసే లేదు. "మీ డేటా మీ గుప్పిట్లో" అని ఉంది. సాఫ్ట్‌వేర్ ఒకటే, మెషీనూ ఒకటే. అందరి కాపీలూ వెళ్ళి కూర్చునేది విజయవాడలో బాస్ బావమరిది మేడ మీద ఏసీ గదిలో. నిజానికి అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాపీ ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. ఇక్కడ నిప్పంటుకున్నా నీళ్ళొచ్చినా అక్కడిది మిగలాలి. కానీ విజయవాడ అన్న మాటని చెవిన వేసుకునే రోజులు కావవి.

"తెలంగాణ వాళ్ళకు చెప్పకపోవుడు ఏంది సార్? రేపు తెలిస్తే మా మొఖాన ఉమ్ముతరు" అన్నాను బాస్‌తో.

"అడిగినవాడికి చెప్దాంలే అమ్మా. అడగనివాడికి ఎందుకు చెప్పడం?" అన్నాడాయన ఫోన్ చూసుకుంటూ.

ఎల్‌బీ నగర్ దాటాక హైవే పక్కన ఒక ఎముకల డాక్టరు గారి చిన్న దవాఖాన ఉండేది. ఆయనది కూడా నల్గొండే. లాఠీ దెబ్బలు తిని వచ్చిన పిల్లలకి ఊరికే కట్లు కట్టి పంపేవాడు కాబట్టి ఆ చుట్టుపక్కల ఆయనంటే అందరికీ గౌరవం. ఆయన దగ్గర ఒక ఆస్తి ఉంది. ఏళ్ళ తరబడి మా పక్క పల్లెలన్నీ తిరిగి తీయించిన ఎక్స్‌రేలు. ఫ్లోరైడ్ నీళ్ళకి వంకరపోయిన కాళ్ళు, బిగుసుకుపోయిన వెన్నుపూసలు, మనిషి పేరుతో, ఊరి పేరుతో సహా. ఏనాటికైనా వాటిని సర్కారు పెద్దల ముందు పరిచి, ఈ ఊళ్ళకి నది నీళ్ళు ఎందుకివ్వరని అడగాలని ఆయన పట్టుదల. ఫిలిములు చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోతుంటే స్కాన్ చేయించి కంప్యూటర్‌లో పెట్టించాడు.

"ఇవి పోతే మల్ల తియ్యలేను బిడ్డా. వీళ్ళల్ల సగం మంది సచ్చిపోయిన్రు" అన్నాడు మేము మొదటిసారి వెళ్ళినప్పుడు.

ఆయనకి కంప్యూటర్ల గురించి ఓ అంటే నా రాదు. ఆయన తరఫున అడగడానికి తెలిసినవాళ్ళు కూడా ఎవరూ లేరు. నేను నా అత్తగారింటి కథ చెప్పాను. అంతా విని, "మరి గా కాపీ ఏడుంటది?" అన్నాడు. అడిగినవాళ్ళకి చెప్దామని బాస్ అన్నాడుగా, చెప్పేశాను. "విజయవాడల సార్."

ఆయన కళ్ళజోడు తీసి నవ్వాడు. "నీళ్ళు వాళ్ళే పట్టుకపోయిన్రు, ఇప్పుడు బొక్కలు గుడ వాళ్ళ దగ్గరికేనా?" అని, "పెట్టుండ్రి. ఏడున్నా పదిలంగ ఉంటె చాలు" అన్నాడు. బొక్కలంటే మా వైపు ఎముకలు.

అన్ని బొమ్మలు ఇంటర్నెట్ మీద పంపాలంటే ఆ రోజుల్లో తెమిలే పని కాదు. మొదటి కాపీ డిస్కులోకి ఎక్కించి, మనిషి బస్సులో పట్టుకెళ్ళాల్సిందే. తర్వాత ఏ రోజు చేరినవి ఆ రోజు లైను మీద పోతాయి. మా ఇంజినీరు ఎవరినీ నమ్మకుండా తనే వెళ్ళేవాడు. వెళ్ళేముందు ఫైళ్ళన్నీ సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకోవడం ఆయనకలవాటు. ఆ రోజు చూస్తూ చూస్తూ మధ్యలో లేచి బయటికెళ్ళి నిలబడ్డాడు.

"ఏమైందన్నా?"

"ఏవో ఆఫీసు ఫైళ్ళనుకున్నాను చెల్లెమ్మా. చిన్నపిల్లల మోకాళ్ళున్నాయి అందులో" అన్నాడు. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కేటప్పుడు ఆ డిస్కున్న సంచి పైన సామాన్ల అరలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏడాది పాటు అంతా సవ్యంగా నడిచింది. ఆ తర్వాత దిగాడు డాక్టరు గారి మేనల్లుడు. సూర్యాపేట కుర్రాడు, బీటెక్ చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే నెట్‌వర్కింగ్ నేర్చుకుని, మేనమామ దవాఖానలో కంప్యూటర్ల పని మీదేసుకున్నాడు. తెలివైనవాడు. ఉద్యమంలో పోలీసు దెబ్బలు తిన్నాడు, ప్రాణానికి ప్రాణమైన దోస్తును పోగొట్టుకున్నాడు. అతని కోపం ఉత్త కోపమని నేననను, అనలేను.

వచ్చీ రాగానే మమ్మల్ని పిలిపించాడు. డాక్టరు గారి గదిలోనే కూర్చోబెట్టి, కుశల ప్రశ్నలైనా లేకుండా మా ఇంజినీరునడిగాడు.

"గీ కాపీ విజయవాడకు పోతుందంట, నిజమేనా?"

"నిజమేనండి. మొదట్లోనే డాక్టరు గారికి చెప్పాం."

"రేపు రాష్ట్రం వస్తది. వచ్చినంక మా డేటా మీరు ఇయ్యమంటె మేమేం చెయ్యాలె? ఆ కాపీ తీసెయ్యుండ్రి. రెండోది గుడ ఈడనే పెడ్తం, పైన రూముల."

"ఒకే కప్పు కింద రెండు పెడితే అది ఒక్కటే అనుకోవాలండి. దేనికైనా ఏదైనా అయితే రెంటికీ అవుతుంది. ఈ సంగతి మీకు నేను చెప్పాలా?"

"నాకెర్కనే సారూ. నాకు చదువు చెప్పకు."

నేను మధ్యలో దూరాను. "సరే, విజయవాడ ఒద్దనుకుందం. దిల్‌సుఖ్‌నగర్‌ల మా ఆఫీసుల పెడ్తం. పిలిస్తే పలికేటంత దూరం. గట్ల మంచిగుంటది గదా?"

"మీ ఆఫీసుల దాన్ని చూసుకునేది ఎవ్వలక్కా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా తనే వేలు చూపించాడు. "గీ సారే గద."

నేను కుర్చీలోంచి లేచాను. "ఈన మన్సూరాబాద్‌ల పుట్టిండు తమ్మీ. నువ్వు సూర్యాపేటల, నేను నల్గొండల. ఈ రూముల హైదరాబాదోడు ఎవ్వలన్న ఉన్నరంటె ఈనొక్కడే!"

"నువ్వు మనదానివక్కా. మనదానివై గిట్ల మాట్లాడకు."

మా ఇంజినీరు అతన్ని వదిలేసి డాక్టరు గారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అన్నాడు. "నన్ను నమ్మొద్దండి. నన్ను పక్కన పెట్టేసి మీకు నమ్మకమున్నవాళ్ళింట్లో పెట్టుకోండి. ఈ బిల్డింగ్‌లో మాత్రం వద్దు. మళ్ళీ తియ్యలేనివని మీరే అన్నారు కదండీ."

డాక్టరు గారు మేనల్లుడి మొహం చూశాడు, మా మొహాలు చూశాడు, బల్ల మీద పేపర్ వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు. "వాడు చదువుకున్నోడు. వాడు చెప్పినట్టే చెయ్యుండ్రి బిడ్డా" అన్నాడు చివరికి. తెలియనివాడిని ఒప్పించడం మాకు వచ్చు. తెలిసినవాడికి తెలియజెప్పడం మాకు వచ్చు. తెలిసి కూడా కాదనేవాడికి ఏం చెప్పాలో మా ఇద్దరికీ తెలియదు. తెలియనాయన మా మాట విని సరేనన్న దాన్ని, తెలిసిన కుర్రాడొచ్చి కొట్టిపారేశాడు.

బాస్‌కి చెబితే, "కస్టమర్ ఏదంటే అది. వాళ్ళతో మనకి పేచీ ఎందుకు?" అన్నాడు. దవాఖాన పైన ఇన్వర్టర్లుండే గదిలో రెండో మెషీన్ పెట్టారు. వేరే గది ఖాళీ లేదట. మేనల్లుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని విజయవాడ కాపీ తీసేయించాడు. మా ఇంజినీరు లాప్‌టాప్ మీద ఏవో మీటలు నొక్కి, "తీసేశానండి" అన్నాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద నేను మళ్ళీ డాక్టరు గారిని పట్టుకుని చెప్పాను. ఆయన తలూపి, వార్డులోకి వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం పోయిన కరెంటు ఒక్కసారిగా ఎక్కువై వచ్చిందట. ఇన్వర్టర్ గదిలో నిప్పు పుట్టింది. మాకు ఫోన్ వచ్చి పరుగున వెళ్ళేసరికి మనుషులందరినీ కిందికి దించేశారు, దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పైగదిలో మెషీన్ మసైపోయింది. అదే లైను మీదున్న కింది మెషీన్ లోపలి డిస్కుతో సహా మాడిపోయింది. అతుక్కుపోయినవైనా సరే, పాత ఫిలిములుంటాయి కదా అనుకున్నాం. అవీ పైన పక్కగది అల్మారాలోనే ఉన్నాయి. కాలినవి కాలగా, మిగిలినవి ఫైరింజన్ నీళ్ళలో ముద్దయిపోయాయి.

డాక్టరు గారు రోడ్డు పక్కన ఆగిన ఆటోలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"సచ్చినోళ్ళందర్ని మల్ల సంపినట్టయింది బిడ్డా" అన్నాడు.

మేనల్లుడు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, లోపలికి దూకి లాగబోయాడట. మా ఇంజినీరు అతని దగ్గరికి వెళ్ళి ఏదో అనబోతే అతను మొహం తిప్పేసుకున్నాడు. అంత కోపంలోనూ నాకు ఆ పిల్లాడి మీద జాలేసింది.

తిరిగొచ్చేటప్పుడు కొత్తపేట దాటకుండానే మా ఇంజినీరు బండి పక్కకి తీసి ఆపాడు.

"ఉంది చెల్లెమ్మా."

"ఏముంది?"

"విజయవాడలో కాపీ. నేను తీసెయ్యలేదు. ఆ రోజు పంపించడం ఆపానంతే. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. తర్వాత చేరిన కొత్తవి లేవు గానీ, పాతవన్నీ ఉన్నాయి."

నడిరోడ్డు మీద ఆయన్ని వాటేసుకున్నంత పని చేశాను. "అయ్యో నా అన్నా, బంగారమే నువ్వు!" అన్నాను. అన్న మరుక్షణమే అసలు సంగతి తట్టింది. ఉంది సరే, ఎవరు తెచ్చారని చెప్పాలి? తీసేశానని చెప్పి దాచింది ఈయన. దాచింది విజయవాడలో.

"నువ్వు ఊకో. నేను దాచిన అని నేను చెప్త. నేను వాళ్ళదాన్నే గద, నన్నేమంటరు?"

"ఆ కుర్రాడికి పని వచ్చు చెల్లెమ్మా. డిస్కు పెట్టిన వెంటనే ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చిందో మొత్తం చూస్తాడు. నువ్వు ఒక్క ప్రశ్నకి దొరికిపోతావు. అప్పుడు ఇద్దరం దొంగలమవుతాం."

"మరి పోస్ట్‌ల పంపుదాం. పేరు రాయకుండ."

"పేరు లేకుండా వస్తే దాన్ని నమ్ముతారా? అవి పెద్దల ముందు పెట్టాల్సినవి. ఎవరో ఒకరు ఇవి నేనిచ్చానని నిలబడి చెప్పాలి కదా." బండి స్టార్ట్ చేస్తూ అన్నాడు, "ఇందులో ఆలోచించేదేముందమ్మా?" ఆలోచించేది చాలా ఉందని ఆయనకీ తెలుసు. ఉద్యోగం ఉంది, ఊరుంది, మన్సూరాబాద్‌లో ముసలివాళ్ళైన అమ్మానాన్నలున్నారు.

అప్పుడు ఆర్టీసీ సమ్మె, బస్సుల్లేవు. మా నాన్న మా ఇంజినీరుని తనకి తెలిసిన లారీ ఎక్కించి విజయవాడ పంపాడు. మా ఇంజినీరు మళ్ళీ ఇంకో లారీలో డిస్కు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. మొహం కూడా కడుక్కోకుండా నేరుగా దవాఖానకే వెళదామన్నాడు. నేనూ వెళ్ళాను.

గోడలింకా మసి వాసన కొడుతున్నాయి. డాక్టరు గారి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, మొదటి బొమ్మ తెరిచాడు. వంగిన వెన్నుపూస. డాక్టరు గారు కుర్చీ ముందుకి జరుపుకుని, తెర మీద వేళ్ళు పెట్టి తడిమాడు.

"గీమె మా ఇంటెనక ముసలమ్మ. గోడ పట్టుకొని నడిచేది" అన్నాడు. ఇంకోటి తెరిస్తే ఆ మనిషినీ గుర్తుపట్టాడు, ఇంకో మనిషినీ. పేరు చూడాల్సిన పనే లేదు ఆయనకి, ఎముకలు చూసి పిలుస్తున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "అందరున్నరు. అందరున్నర్రా" అన్నాడు మేనల్లుడితో. నేనూ ఏడ్చేశాను.

మేనల్లుడు మాత్రం బొమ్మలు చూడట్లేదు, మా ఇంజినీరు మొహం చూస్తున్నాడు.

"తీసేసిన అని నా పక్కన కూసొని చెప్పినవ్."

"చెప్పానండి."

"అబద్ధం చెప్పినవ్."

"అవునండి."

"ఇన్ని దినాలు మా బొక్కలు ఆంధ్రల పెట్టుకొని కూసున్నవ్. ఎవ్వలకు జూపిచ్చినవ్? చెప్పు, ఎవ్వలకు జూపిచ్చినవ్?"

ఆ అరుపుకి బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు లోపలికొచ్చారు. ఏమైందంటే ఏమైందన్నారు. "ఆంధ్రోడు మన డేటా దొంగిలిచ్చిండు" అన్న మాట ఒక్కటే అందరికీ అర్థమైంది. డేటా అంటే ఏమిటో వాళ్ళలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. కాలరు పట్టుకున్నది ఎవరో, చెంప మీద కొట్టింది ఎవరో నాకు కనపడలేదు. మధ్యలో దూరితే నన్ను పక్కకి నెట్టేశారు. మా ఇంజినీరు చేతులు ఎత్తలేదు. చొక్కా బొత్తాలు తెగి కింద పడ్డాయి.

"సార్! చెప్పుండ్రి సార్! మీరన్న చెప్పుండ్రి!" అని డాక్టరు గారి మీద అరిచాను.

ఆయన లేచి నిలబడ్డాడు. లాప్‌టాప్ నుంచి డిస్కు ఊడదీసి రెండు చేతులతో రొమ్ముకి అదుముకుని ఉన్నాడు. "ఇడిసిపెట్టుండ్రా" అన్నాడు. గొంతు వాళ్ళ దాకా వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు, "పోనియ్యుండ్రి, పోనియ్యుండ్రి." ఈ మనిషి తెచ్చాడని గాని, ఈ మనిషి వల్ల దక్కాయని గాని అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే ఆ గదిలో అందరి చేతులూ ఆగిపోయేవి. ఆయనంటే వాళ్ళకంత గురి. ఎందుకనలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఇప్పటికీ క్షమించలేదు.

సాయంత్రానికల్లా బాస్ ఫోన్ చేసి మా ఇంజినీరుని రేపటి నుంచి రావద్దన్నాడు. "ఆ రోడ్డు మీద కస్టమర్లంతా నాకు కావాలి కదమ్మా, ఏం చెయ్యను?" అన్నాడు నాతో. మా ఇంజినీరు రాసిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఆఫీసులోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకి గుంటూరులో ఏదో కాలేజీలో పని దొరికితే, అమ్మానాన్నలని తీసుకుని వెళ్ళిపోయాడు. ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించడానికి వెళ్ళాను. వాళ్ళమ్మ నా చెయ్యి వదల్లేదు.

"అక్కడేమంటున్నారో తెలుసా? హైదరాబాదాయన వస్తున్నాడట అంటున్నారు" అని నవ్వబోయాడు. పెదవి మీద పుండు ఇంకా మానలేదు, నవ్వడం కుదర్లేదు.

డాక్టరు గారి ఎక్స్‌రేలు చేరాల్సిన చోటికి చేరాయని తర్వాత విన్నాను. అవి ఎలా మిగిలాయని అడిగితే, మేనల్లుడు కాలిన మెషీన్‌లోంచి కష్టపడి బయటికి తీశాడని చెప్పుకున్నారట. మా బాస్ చెవిన కూడా పడింది. ఆయనకి ఇంకేం కావాలి? కొత్త కరపత్రం అచ్చేయించాడు. "దవాఖాన కాలిపోయినా ఎక్స్‌రేలు చెక్కుచెదరలేదు." ఒక వైపు ఓనర్ల కోసం డాక్టరు గారి నాలుగు మంచి మాటలు, రెండో వైపు కంప్యూటర్లు తెలిసినవాళ్ళ కోసం మేనల్లుడి నాలుగు మాటలు. ఈసారి ఆంధ్ర వాళ్ళకీ తెలంగాణ వాళ్ళకీ కలిపి ఒకటే కరపత్రం సరిపోయింది.

అది పట్టుకుని నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్ ఓనరు దగ్గరికి పంపించాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డాయన. బంద్ రోజు ఎవరో కిటికీ అద్దాలు పగలగొడితే వాటి స్థానంలో ప్లైవుడ్ కొట్టించుకుని ఉన్నాడు. పట్టపగలే గదిలో లైటు. పెద్దమనిషి, నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. కరపత్రం రెండు వైపులా తిప్పి చదివి, "ఇదంతా నిజమేనామ్మా?" అన్నాడు.

కాదన్నాను. అసలు జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఎక్స్‌రేలు ఎవరివో, కాపీ తీసెయ్యమన్నది ఎవరో, దాచింది ఎవరో, తెచ్చి ఇచ్చి దెబ్బలు తిన్నది ఎవరో మొత్తం చెప్పేశాను. ఆయన ఎక్కడా అడ్డురాకుండా విన్నాడు. టీ చల్లారిపోయింది.

"ఆ అబ్బాయి మనవాడేనా?" అన్నాడు.

"తెనాలి వాళ్ళు సార్."

ఆయన కరపత్రం మడిచి పక్కన పెట్టి, "అంతా బానే ఉందమ్మా. ఇంతకీ తిరిగెందుకిచ్చాడు?" అన్నాడు.

"ఏంది సార్?"

"తగలబడితే తగలబడ్డాయి, వాళ్ళు చేసుకున్నదే కదా. నోరు మూసుకుని కూర్చుంటే వాడి ఉద్యోగం వాడికుండేది. ఎందుకిచ్చాడమ్మా?"

కోపంతో అడగలేదాయన, వెటకారానికీ అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఎన్నో ఏళ్ళుగా, ఏమీ తెలియనివాళ్ళకి ఎంత కష్టమైన సంగతైనా అర్థమయ్యేలా చెప్పి బతికినదాన్ని నేను. ఆయనకి ఆ ఒక్కటి చెప్పలేకపోయాను.